లాడ్ బజార్ మొదట ఆగిన మా కారు

మేము సంఘ సేవకులమే గాని మెకానిక్కులము కాము. కారు బానెట్ ఎత్తితే నీళ్ళు ఎక్కడ పోయాలో, ఆయిలు ఎక్కడ చూడాలో తెలుసు. అంతకు మించి తెలియదు. అయినా ఈ నెల కారు పొగను గురించి వ్రాస్తున్నాము. గత సంవత్సరం హైదరాబాదు పాత బస్తీలో లాడ్ బజార్ మొదట్లో మాకు కలిగిన అవమానము, ఆ తరువాత అక్కడే ఒక మిస్త్రీ దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలు, ఇంటి ముందు పాత డీజిలు బండి ఉన్న మీలో కొందరికైనా పనికి వస్తాయని మా ఆశ.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. అది మా సొంతము కాదు. మా ఊరు చేవెళ్ళకు అవతల. 2019లో సంఘ కుటుంబాలన్నీ తలా కొంత వేసుకుని, అప్పటికే ఎనిమిదేళ్ళు నడిచిన ఒక డీజిలు కారును కొన్నాయి. ఒకరు మొక్కజొన్న అమ్మిన డబ్బులో ఇచ్చారు. ఒకరు మేకను అమ్మి ఇచ్చారు. పింఛను మీద బ్రతికే ఒక అవ్వ మూడు నెలలపాటు వందేసి రూపాయలు తెచ్చి మా చేతిలో పెట్టింది. కారు మా ఇంటి వాకిట్లో ఉంటుంది, తాళంచెవి ముందుగదిలో మేకుకు వ్రేలాడుతుంది. పురిటి నొప్పులైనా, పాము కాటైనా, ఏ రాత్రివేళనైనా ఎవరో వచ్చి తలుపు కొడతారు. రెండేళ్ళుగా మా సంఘ పెద్ద ఒకాయనకు వారానికి రెండుసార్లు, సోమవారము, గురువారము, డయాలిసిస్ చేయించవలసి వస్తోంది. ఆ ప్రయాణము కూడా ఈ కారులోనే. కాబట్టి ఆ బండి దగ్గితే మా వాడంతా ఉలిక్కిపడుతుంది.

వానాకాలంలో దగ్గు మొదలయింది. ముందు డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మగల పసుపు దీపము వెలిగింది. దానిని కొన్నాళ్ళు చూడనట్టే ఊరుకున్నాము, ఆ మాట ఒప్పుకోవాలి. తరువాత ఎత్తు ఎక్కేటప్పుడు లాగలేకపోవడము, నిలబెట్టి ఉంచినప్పుడు కుంటుతూ అదరడము, యాక్సిలరేటరు తొక్కితే వెనుక నల్లని పొగ. ఒక పట్నంలోని షెడ్డుకు తీసుకుపోతే స్కానరు పెట్టి, "ఈజీఆర్ వాల్వు, అయ్యగారూ, మసి పట్టింది" అన్నారు. విప్పి కడిగి 2,800 రూపాయలు తీసుకున్నారు. ఆరు వారాలు బాగానే నడిచింది. మళ్ళీ అదే దీపము, అదే పొగ. ఈసారి వేరొక షెడ్డుకు వెళ్ళాము. వారు ఇంజెక్టర్లు, టర్బో రెండూ పోయాయని 46,000 రూపాయల లెక్క వ్రాసి ఇచ్చారు. మా ముఖము చూసి జాలిపడ్డారేమో, "లేదంటే ఒక దగ్గర దారి ఉంది" అని అరచేతిలో సగమంత ఇనుప రేకు ఒకటి చూపించారు. ఆ వాల్వు నోటికి అడ్డంగా ఈ రేకును బిగిస్తే చాలు, పొగ పోతుంది, బండి పరుగెడుతుంది. ఖరీదు 150 రూపాయలు.

మేము ఆ రేకును కొన్నాము. బిగించే కుర్రవాడు ఆ రోజు లేడు గనుక డాష్‌బోర్డు అరలో పెట్టుకుని వచ్చాము. పెండ్లి పనులు అయ్యాక బిగిద్దామనుకున్నాము. ఆలోచించి చెబుదామని కాదు. బిగించాలని నిశ్చయించుకునే తెచ్చుకున్నాము.

ఆ పెండ్లి మా సంఘంలోని ఒక విధవరాలి కుమార్తెది. తండ్రి లేని పిల్ల. పెండ్లికి పన్నెండు రోజుల ముందు, ఒక శనివారము, పిల్ల తల్లి, ఆమె ఆడపడుచు, మా ఇంటివారు, మేము నలుగురము గాజులకని లాడ్ బజారుకు బయలుదేరాము. "బట్టలు చేవెళ్ళలో కొన్నా ఫరవాలేదు గాని గాజులు మాత్రము చార్మినార్ దగ్గరివే కావాలి వదినా" అని ఆ ఆడపడుచు పట్టుపట్టింది. ఆమె పెండ్లికి వాళ్ళ నాన్న అక్కడి నుండే తెచ్చాడట.

మొయినాబాదు, లంగర్ హౌస్ దాటి, పురానా పూల్ దగ్గర మూసీని దాటి, హుస్సేనీ ఆలం మీదుగా పడమటి వైపు నుండి వెళ్ళాము. చార్మినార్ చుట్టూ ఇప్పుడు వాహనాలను తిరగనివ్వరు. 1591 నాటి కట్టడాన్ని పొగ నుండి, అదురు నుండి కాపాడాలని ఆ చోటును నడిచేవారికి విడిచిపెట్టారు. లాడ్ బజార్ ఒక కొన చార్మినార్ దగ్గర, రెండవ కొన మహబూబ్ చౌక్ దగ్గర ఉంటుంది. మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభము ఒకటి ఉంది, 1892లో సర్ ఆస్మాన్ జా కట్టించినది. అదే సంవత్సరము జర్మనీ దేశంలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు తన ఇంజనుకు పేటెంటు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఈ రెండింటికి ఏమీ సంబంధము లేదు. కాని ఆ రోజు ఆ గడియారము కనబడే చోటే మా డీజిలు బండి ప్రాణము విడిచింది గనుక, తరువాత తెలిసిన ఈ సంగతి మాకు మరపురాదు.

హుస్సేనీ ఆలం నుండే బండ్లు నత్తల్లా కదులుతున్నాయి. ఫస్టు గేరు, ఆగడము, మళ్ళీ ఫస్టు గేరు. ముప్పావు గంట అలాగే గడిచింది. చౌక్ దగ్గరకు వచ్చేసరికి ఇంజను ఒగర్చసాగింది. ముందున్న ఆటో కదలగానే మేము గట్టిగా తొక్కాము. ఒక్కసారిగా వెనుక నుండి పొగ, కాల్చిన టైరు వంటి నల్లని పొగ, మేఘమువలె లేచింది. ఇంజను రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది.

మా వెనుక, బజారు మొదట్లో, బల్ల మీద తెల్లని గుడ్డ పరచి గాజులు పేర్చుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన దగ్గర ఐదారేళ్ళ మనవరాలు కూర్చుని ఉంది. పొగ నేరుగా వారి మీదికి పోయింది. పిల్ల దగ్గి దగ్గి కళ్ళు నులుముకుంది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. భుజం మీది తువ్వాలు తీసి ముందు పిల్ల ముఖము తుడిచి, తరువాత గాజులు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. తెల్లగుడ్డ మీద మసి నలుసులు మాకు కారులో నుండే కనబడ్డాయి. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

దిగి క్షమాపణ అడిగాము. ఆయన చెయ్యి ఊపి, లోపలి గల్లీ వైపు కేక వేశాడు. నలుగురు కుర్రవాళ్ళు వచ్చి కారును ఆ గల్లీలోకి నెట్టారు. అక్కడ రేకుల కప్పు క్రింద ఒక మిస్త్రీ ఉన్నాడు. అరవై ఏళ్ళు ఉండవచ్చు. మేము బానెట్ ఎత్తబోతే, "ఠండా హోనే దో, ఫాదర్ సాబ్" అన్నాడు. చల్లారనివ్వమని. స్త్రీలను గాజులు చూసుకోమని పంపి మేము ఒక డబ్బా మీద కూర్చున్నాము.

మిస్త్రీ షెడ్డు ప్రక్క గదిలోనే లక్క గాజులు చేస్తున్నారు. లాడ్ అనే పేరే లక్క నుండి వచ్చిందంటారు. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది వేడిగా ఉండగానే చిన్న చిన్న రాళ్ళను ఒక్కొక్కటి చేతితో అతుకుతారు. ఈ హైదరాబాదు లక్క గాజులకే 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పనివాడు మధ్యమధ్య ఒక రేకుతో బూడిద తీసి నిప్పుల మీద చల్లడము గమనించాము. అడిగితే, మంట హెచ్చితే లక్క మాడిపోతుంది, బూడిద కప్పితే వేడి అదుపులో ఉంటుందన్నాడు. మన ఇండ్లలో పాలు కాగబెట్టేటప్పుడు పిడకల మీద నివురు కప్పుతారు చూడండి, అదే పద్ధతి.

మిస్త్రీ ఇది విని నవ్వి, "మీ కారులో ఉన్న వాల్వు పని కూడా అంతే" అన్నాడు. అంతకు ముందు ఇద్దరు డబ్బు తీసుకున్నారు గాని ఆ వాల్వు ఎందుకున్నదో ఎవరూ చెప్పలేదు. ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్ అనే పెద్ద పేరును కుదించి ఈజీఆర్ అంటున్నారు. ఇంజనులో ఒకసారి కాలి బయటికి పోయే పొగలో కొంత భాగాన్ని ఈ వాల్వు మళ్ళీ లోపలికి పంపుతుంది. కాలిపోయిన పొగలో మండడానికి ఏమీ మిగలదు, అది నివురు వంటిది. తాజా గాలిలో అది కలిస్తే లోపలి మంట వేడి తగ్గుతుంది. ఎందుకు తగ్గాలి? మంట మరీ వేడెక్కితే గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలసి నైట్రోజన్ ఆక్సైడులనే విషవాయువులు పుడతాయి. ఇవి ఊపిరితిత్తులను గాయపరుస్తాయి. ఎండ తగిలినప్పుడు ఇతర వాయువులతో కలసి ఓజోనుగా మారి ఆయాసము ఉన్నవారిని మరింత బాధిస్తాయి. వీటిని తగ్గించడానికే ఈ వాల్వు పెట్టారు. మన దేశంలో భారత్ స్టేజ్ అనే కట్టుబాట్లు మెట్టుమెట్టుగా వచ్చాయి. హైదరాబాదు వంటి పెద్ద నగరాలకు 2010లో నాలుగవ మెట్టు, దేశమంతటికి 2017లో అదే మెట్టు, 2020 ఏప్రిల్ నుండి ఆరవ మెట్టు.

ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు ఈ వాల్వు తెరుచుకుంటుంది. బరువు లాగేటప్పుడు, గట్టిగా తొక్కినప్పుడు మూసుకోవాలి, అప్పుడు ఇంజనుకు గాలి అంతా కావాలి గనుక. అది మూసుకోక తెరిచే ఉండిపోతే గాలి చాలక డీజిలు సరిగా కాలదు. అదే నల్లని పొగ, అదే నీరసము. మూసుకునే ఉండిపోతే చాలాసార్లు బయటికి ఏమీ తెలియదు. పొగ ఉండదు. బండి ఇంకా చురుకుగా ఉన్నట్టే తోస్తుంది. కనబడని విషము మాత్రము పెరుగుతుంది.

ఈ మాట విన్నప్పుడు మాకు డాష్‌బోర్డు అరలోని రేకు గుర్తుకు వచ్చింది. కాసేపు చెప్పలేదు. తరువాత తెచ్చి ఆయన చేతిలో పెట్టాము. కోపగిస్తాడనుకున్నాము. ఆయన దానిని అటు ఇటు త్రిప్పి చూసి, "బాగా పనికివస్తుంది, ఇలా ఇవ్వండి" అన్నాడు. మాకు ఆశ్చర్యమయింది.

ఇంజను చల్లారిన తరువాత ఆయన మేనల్లుడు చిన్న స్కానరు తెచ్చి తగిలించాడు. పి0401 అని వచ్చింది. మొదటి షెడ్డులో వచ్చినది కూడా ఇదే. దాని అర్థము, తిరిగి వచ్చే పొగ చాలడము లేదు అని. మిస్త్రీ తల గోక్కున్నాడు. "యంత్రమేమో చాలదంటోంది. మీ బండి వెనుక చూస్తే ఎక్కువైందని తెలుస్తోంది. ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారు, ఫాదర్ సాబ్." ఈ ఒక్క ప్రశ్న అంతకు ముందు ఎవరూ వేయలేదు. స్కానరు వాల్వు పేరు చెప్పింది గనుక మొదటివారు వాల్వును కడిగారు. పొగ కనబడింది గనుక రెండవవారు ఇంజెక్టర్లు మార్చాలన్నారు.

ఆయన మా రేకును వాల్వు నోటికి అడ్డంగా బిగించి ఇంజను స్టార్టు చేయమన్నాడు. తొక్కాము. నల్లని పొగ ఇంచుమించుగా పోయింది. మాకు సంతోషము కలిగి "ఇక ఉంచెయ్యవచ్చు గదా" అనబోయాము. ఆయన అప్పటికే విప్పుతున్నాడు. రేకు పరీక్షకే గాని మందుకు కాదట. తిరిగి వచ్చే పొగను ఆపగానే నలుపు తగ్గిందంటే ఇంజెక్టర్లలో పెద్ద దోషము లేదన్నమాట. 46,000 రూపాయల లెక్క ఆ పది నిమిషాలలో కొట్టుకుపోయింది. అయితే సన్నని పొగ ఇంకా కొంచెము మిగిలింది. దాని కోసము ఆయన వెదకసాగాడు.

టర్బో నుండి ఇంజనుకు గాలిని తీసుకుపోయే లావుపాటి రబ్బరు గొట్టము ఒకటి ఉంటుంది. ఆయన దాని అడుగు భాగాన్ని చేతితో తడిమి వేళ్ళు చూపించాడు. ఆయిలు జిడ్డు. మేనల్లుడిని తొక్కమని, గొట్టము మీద సబ్బునీళ్ళు పోశాడు. బిగింపు పట్టీ దగ్గర, పైకి కనబడని చోట, వ్రేలెడు పొడవున చీలిక. తొక్కినప్పుడెల్లా అక్కడ నురుగు బుసబుస పొంగింది.

దీనిని ఆయన ఎలా వివరించాడో చెబుతాము, ఎందుకంటే ఇదే అసలు సంగతి. మా కారులో తిరిగి వచ్చే పొగ ఎంతో నేరుగా కొలిచే సాధనము లేదు. లోనికి వచ్చే తాజా గాలిని కొలిచే సెన్సారు మాత్రము మొదట్లో, ఫిల్టరు దాటగానే ఉంది. వాల్వు తెరిచి పొగ పంపితే ఆ మేరకు తాజా గాలి తగ్గాలి. తగ్గితే సరిపోయిందని, తగ్గకపోతే పొగ చాలలేదని కంప్యూటరు లెక్క కడుతుంది. వ్యవసాయదారులకు ఇది సులువుగా అర్థమవుతుంది. చెరువు తూము దగ్గర నీళ్ళు కొలుస్తున్నాము. మధ్యలో కాలువకు గండి పడింది. తూము దగ్గర లెక్క నిండుగానే ఉంటుంది, పొలము మాత్రము ఎండిపోతుంది. మా కారులో జరిగింది అదే. సెన్సారు లెక్కపెట్టిన గాలి చీలిక గుండా బయటికి పోతోంది. గాలి దండిగా వస్తోందని కంప్యూటరు నమ్మి, వాల్వును ఇంకా ఇంకా తెరుస్తోంది, డీజిలును కూడా ఆ లెక్క ప్రకారమే పోస్తోంది. అసలే గాలి చాలని ఇంజనుకు మరింత పొగ త్రాగిస్తోంది. దాని వలన మసి, ఆ మసి వలన వాల్వు బిగుసుకుపోవడము. వాల్వు జబ్బుపడినది నిజమే. కాని జబ్బు మొదలైనది దానిలో కాదు. అందుకే కడిగిన ఆరు వారాలకే మళ్ళీ మొదటికి వచ్చింది.

కొత్త గొట్టము కోసము మేనల్లుడిని పుత్లీబౌలికి పంపి, ఈలోగా వాల్వును విప్పాడు. ప్రియ చదువరులారా, ఆ దృశ్యము చూడవలసినదే. బొటనవ్రేలు పట్టే దారి పెన్సిలు పట్టనంతగా మూసుకుపోయింది. మసి పొడిగా లేదు, తారువలె జిగటగా ఉంది. ఇంజను లోపలి ఆయిలు ఆవిరి కూడా అదే దారిలో వచ్చి మసితో కలుస్తుంది గనుక అలా గట్టిపడుతుందట. కార్బురేటరు క్లీనరు చల్లి, నానబెట్టి, కొయ్య పుల్లతో గీకాడు. ఇనుప బ్రష్షు వాడలేదు, వాల్వు కూర్చునే అంచు గీతలు పడితే ఇక ఎన్నటికీ సరిగా మూసుకోదట. కరెంటు మోటారున్న భాగాన్ని క్లీనరులో ముంచలేదు. ఇంజను వైపు రంధ్రానికి గుడ్డ కుక్కి, రాలిన మసి ఒక్క పలుకు కూడా లోనికి పోకుండా చూశాడు. కొందరు ఇంజను నడుస్తుండగానే గాలి దారిలో ఈ క్లీనరును చల్లుతారని, డీజిలు ఇంజనులో అది ప్రమాదకరమని, మండే ద్రవము లోపలికి పోతే ఇంజను అదుపు తప్పి పరుగెత్తవచ్చునని చెప్పాడు. ఇంటి దగ్గర ఇలాంటి పనికి పూనుకునే యువకులు దయచేసి ఇది జ్ఞాపకముంచుకోవాలి.

గాలి ఫిల్టరు తీసి దులిపితే మొక్కజొన్న కోతల నాటి దుమ్ము, పొట్టు గుప్పెడు రాలింది. మిస్త్రీ మా వైపు చూశాడు. "బండి ఎలా నడుపుతారు?" అని అడిగాడు. మేము కొంచెము గర్వంగానే చెప్పాము, ఎప్పుడూ నలభై దాటము, మైలేజీ కోసము త్వరగా పై గేరులో వేస్తాము, యాక్సిలరేటరు మీద కాలు బరువుగా వేయము అని. ఆయన మేనల్లుడు ముఖము ప్రక్కకు త్రిప్పుకుని నవ్వాడు. ఎప్పుడూ ఇలా నడిపితే ఇంజను తగినంత వేడెక్కదు, పై గేరులో మూలుగుతూ నడుస్తుంది, మసి పేరుకుంటుంది. రెండు వారాలకొకసారైనా మంచి రోడ్డు మీద, ఒక గేరు తగ్గించి, అరగంట చురుకుగా నడపాలట. ఇరవై ఏళ్ళుగా మా జాగ్రత్త అని మేము చెప్పుకునేది ఇది!

వారు పని చేస్తుండగా మేము ఆ రేకును గురించి ఇంకా తరచి అడిగాము. పొల్యూషన్ పరీక్షలో పట్టుబడదా? పట్టుబడదట. డీజిలు బండ్లకు ఆ పరీక్షలో చూసేది పొగ చిక్కదనమే గాని నైట్రోజన్ ఆక్సైడులను కాదు. రేకు బిగించిన బండికి సర్టిఫికెట్టు సులభంగానే వస్తుంది. బండి తయారైన తీరును ఇష్టము వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను చెబుతోంది గాని, బానెట్ ఎత్తి చూసేదెవరు? ఇది పల్లెటూరి షెడ్డులలో మాత్రమే జరిగే పని కూడా కాదు. 2015లో అమెరికాలో వోక్స్‌వాగన్ కంపెనీ సంగతి బయటపడింది గదా. పరీక్ష జరిగేటప్పుడు గుర్తుపట్టి అప్పుడు మాత్రము శుభ్రంగా నడిచేలా, రోడ్డు మీద మరొక విధంగా నడిచేలా కంప్యూటరులోనే ఏర్పాటు చేశారు. ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో అది ఉన్నట్లు ఆ కంపెనీయే ఒప్పుకుంది. వారిది కోట్ల రూపాయల పని, మాది 150 రూపాయల రేకు.

మిస్త్రీకి మాత్రము ఈ చట్టాల గొడవ పట్టలేదు. ఆయన ప్రక్కగది వైపు గడ్డము చూపి, "వీళ్ళు పొద్దుటి నుండి రాత్రి దాకా ఇక్కడే కూర్చుంటారు" అన్నాడు. అంతే. ఒకవైపు బొగ్గుల కుంపటి, ఒకవైపు చౌక్‌లో ఆగి ఆగి నడిచే బండ్లు. డీజిలు పొగ క్యాన్సరు కలిగించేదని 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది. రేకు బిగించుకుని వెళ్ళి ఉంటే ఆ పెద్దాయన మనవరాలు దగ్గి ఉండేది కాదు, తెల్లగుడ్డ నల్లబడేది కాదు, మేము సిగ్గుపడేవారమూ కాము. ఆ గాలి మాత్రము అలాగే ఆ పిల్ల లోనికి పోయేది. ఈ ఆలోచన ఇప్పటికీ మమ్మల్ని వదలలేదు.

మధ్యలో ఇంకొక మాట. నల్లని పొగ అంతా ఈ వాల్వు వల్లనే అనుకోవద్దు. ఫిల్టరు మూసుకున్నా, ఇంజెక్టరు కారినా, టర్బో అలసినా నలుపే వస్తుంది. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు. వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకుండా వచ్చి, రేడియేటరు నీళ్ళు కారణము లేకుండా తగ్గుతూ ఉంటే, తిరిగి వచ్చే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలరు చీలి ఉండవచ్చు. అప్పుడు బండిని నడపకుండా షెడ్డుకు లాగించుకుని పోవడమే మేలు. 2020 తరువాతి డీజిలు బండ్లలో మసిని పట్టే ఫిల్టరు వేరే ఉంటుంది. వాటిలో ఈ వాల్వును అశ్రద్ధ చేస్తే అదీ మూసుకుపోయి ఖర్చు ఇంకా పెరుగుతుంది.

నాలుగు గంటలకు పని ముగిసింది. కొత్త గొట్టము, కొత్త గాస్కెట్టు, కొత్త ఫిల్టరు, కూలి, అన్నీ కలిపి 3,100 రూపాయలు. స్కానరులోని పాత తప్పును తుడిచివేసి, వాల్వు తెరుచుకునే కొలతను కంప్యూటరుకు మళ్ళీ నేర్పించాడు. ఇంజను స్టార్టు చేసి తెల్లకాగితము ఒకటి సైలెన్సరు వెనుక పట్టుకుని తొక్కమన్నాడు. కాగితము మీద లేత బూడిదరంగు మరక పడింది. పాత డీజిలు బండికి ఆ మాత్రము ఉంటుందన్నాడు.

రేకును ఏమి చేయాలని అడిగాము. తన దగ్గర ఈ సైజు లేదని, పరీక్షకు పనికివస్తుందని, కూలిలో 150 తగ్గించుకుని దానిని తన పెట్టెలో వేసుకున్నాడు.

స్త్రీలు అప్పటికి వచ్చి ఆ పెద్దాయన బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. పెండ్లికూతురి గాజులు బజారులో వేరే దుకాణంలో కొన్నారట. కాని మా ఇంటివారు మసి పడిన గాజులు ఏవో అడిగి, వాటిలో నుండి రెండు డజన్లు బేరమాడకుండా తీసుకుంది. ఆయన తీసుకునే వరకు డబ్బు చేతిలోనే పట్టుకుని నిలబడింది. మనవరాలు మా కారు వైపు అనుమానంగా చూసి, మేము స్టార్టు చేయగానే తాత వెనుక దాక్కుంది. పొగ రాలేదని చూశాక బయటికి వచ్చింది.

లంగర్ హౌస్ దాటి రోడ్డు విడువగానే మిస్త్రీ చెప్పినట్టు ఒక గేరు తగ్గించి, మొయినాబాదు నుండి చేవెళ్ళ దాకా ఆ మర్రిచెట్ల క్రింద చురుకుగా నడిపాము. ఇంజను అంత గొంతెత్తడము మాకు అలవాటు లేదు, రెండుమూడుసార్లు కాలు దానంతట అదే వెనుకకు వచ్చింది. వెనుక సీటులో పిల్ల తల్లి గాజుల పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని లెక్కపెడుతోంది. పసుపు దీపము మళ్ళీ వెలుగుతుందేమోనని మేము మాటిమాటికి డాష్‌బోర్డు వైపు చూస్తున్నాము.

"ముందు చూడండి అయ్యగారూ, దానిని మేము చూస్తాము" అంది వెనుక నుండి ఆ ఆడపడుచు.

సోమవారము ఉదయము ఐదున్నరకు సంఘ పెద్దగారిని ఎక్కించుకుని బయలుదేరాము. ఊరి బయట ఎత్తు దగ్గర ఆయన అలవాటు చొప్పున ముందు సీటు పట్టుకుని ఒంగాడు, బండికి తానే సాయము చేస్తున్నట్టు. కారు ఎక్కేసింది. ఆయన తిరిగి వెనక్కు ఆనుకుని, కిటికీ అద్దము కొంచెము దించమన్నాడు.